తిరగలికి అవతలి వైపు

పక్కలు సర్దుకున్నారా? కుందనా, దుప్పటి కాళ్ళ దగ్గర ఉండచుట్టి పెట్టుకోవడం కాదు, విప్పి కప్పుకో. ఒరేయ్ బుడ్డోడా, నువ్వు గోడవైపు జరుగు, నిద్దట్లో కిందపడి నన్ను తిట్టిస్తావు. మీ అమ్మ ఇవాళ పుస్తకం చదవలేదని మూతులు ముడుచుకోకండి. దానికి తలనొప్పి. రోజూ అది మీ ఇద్దర్నీ చెరో తొడ మీదా కూర్చోబెట్టుకుని చదువుతుంటే, నేను ఎదురుగా చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ నోరు మూసుకుని కూర్చోవడం లేదూ? ఇవాళ నా వంతు.

నా కథకి పుస్తకం అక్కర్లేదు. ఊ కావాలి. ఊ ఆగిందో, రాజుగారు గుర్రం మీద ఒక కాలు వేసి ఉన్నా సరే, ఆయన్నలాగే వదిలేసి పడుకుంటాను. మా పక్కింటి శేషమ్మ పిల్లలకి ఒకసారి అలాగే సగంలో వదిలేశాను. వాళ్ళకిప్పుడు పెళ్ళిళ్ళయ్యి పిల్లలు కూడా పుట్టారు. మిగతా సగం ఇంకా చెప్పలేదు. వాళ్ళమ్మ నా జల్లెడ తిరిగి ఇవ్వలేదు మరి.

సరే. అనగా అనగా, నేను అన్నాను గనక ఉందనే అనుకోండి, కొండ కింద పిట్టలకోన అని ఒక ఊరు. కొండ మీద రాజుగారి కోట. కోటకి కావలసిన పిండంతా కిందున్న ఒక ఇంట్లోంచి వెళ్ళేది. బియ్యప్పిండి ఆ ఇంటిదే, జొన్నపిండి ఆ ఇంటిదే, శనగపిండి ఆ ఇంటిదే. దాన్ని తిరగలి ఇల్లు అనేవారు. తెల్లారేసరికి తిరగలి మొదలు, ఎండ గడప దాటి లోపలికి వచ్చేసరికి రెండు గంపలు నిండాలి. అది ఆ ఇంటి పద్ధతి.

ఆ పద్ధతి పెట్టింది అంకాలమ్మ, ఆ ఇంటి పెద్ద. మొగుడు పోయాక ఒంటి చేత్తో సంసారం ఈదింది. పిండి రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఒక్క పలుకు తగిలినా మొత్తం మళ్ళీ పోయించేది. మాట పడేది కాదు. పడ్డ మాట మర్చిపోయేది కాదు. ఇలాంటి మనుషుల్ని మొండివాళ్ళంటారు. నేను మాత్రం లెక్క తెలిసినవాళ్ళు అంటాను.

ఆవిడకి చదువు మీద ఒక కోపం ఉంది. ఎందుకంటారా? ఏడేళ్ళప్పుడు వీధిబడి అరుగు అంచున స్తంభం పట్టుకుని కూర్చుందిట, లోపల పిల్లలు దిద్దుకుంటుంటే విందామని. అరుస్తోందా? లేదు. అడ్డమొస్తోందా? లేదు. ఊరికే వింటోంది. అక్కడ పాఠాలు చెప్పేవాడు పొడుగు పంతులు. అప్పటికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు వాడికి. వచ్చి, పిండి చేతుల పిల్లవి నీకెందుకే అక్షరాలు, దిగు, అన్నాట్ట. దిగింది. దింపితే దింపాడు, ఆ పిల్ల కూర్చున్న చోటు తడిగుడ్డ తెప్పించి తుడిచాడు. చూడండి, దిగమన్న మాట ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోవచ్చునేమో. ఆ తడిగుడ్డ మర్చిపోలేం.

అంతే. ఆవిడ ఆ వీధిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. ఉప్పుకి వెళ్ళాలన్నా ఊరంతా చుట్టి వెళ్ళేది. నా ఇంట్లోకి అక్షరమన్నది రాకూడదని ఒట్టు పెట్టుకుంది. నలభై ఏళ్ళ ఒట్టు. ఊ కొడుతున్నారా? బుడ్డోడా, ఆ ఊలో ప్రాణం లేదు, గట్టిగా కొట్టు. ఆఁ.

అంకాలమ్మకి ఒక కొడుకు, పిచ్చయ్య. పేరే కాదు, మనిషీ కాస్త అంతే. మంచివాడు. చేతిలో గంప నిలిచేది గానీ నోట్లో మాట నిలిచేది కాదు. పిండి గంపలు కోటకి మోసుకెళ్ళడం వాడి పని. వాడికి పెళ్ళాం పేరిందేవి. ఇదిగో, మన కథలో దణ్ణం పెట్టదగ్గ మనిషి ఈవిడే. వాళ్ళ నాన్న తాటాకుల మీద గంటంతో పుస్తకాలు రాసేవాడు. కాపరానికి వచ్చేటప్పుడు కూతురి పెట్టెలో ఒక తాటాకు పుస్తకం పెట్టి పంపాడు. పన్నెండు ఆకులు, నడుమ దారం, పైనా కిందా చెక్కలు. మెత్తటి చీరలో చుట్టి అడుగున దాచుకుంది ఆ పిల్ల.

పేరిందేవికి కూతురు పుట్టింది. చుక్కమ్మ. పాలు మరిచి మాటలు నేర్చే వయసులో ఆ పిల్ల పెట్టిన పేచీ ఇంతా అంతా కాదు. అన్నం వద్దు, స్నానం వద్దు, చంక దిగనూ దిగదు. తిరగలి దగ్గర అమ్మా కావాలి, నాయనమ్మా కావాలి. వాళ్ళిద్దరి చేతులూ పిడి మీదే ఉంటాయాయె. తిరగలి ఇద్దరు తిప్పేది కదా, ఇటు కోడలు, అటు అత్త, మధ్యలో రాయి. చివరికి పిల్ల ఏడ్చి ఏడ్చి నాయనమ్మ ఒళ్ళోకి ఎక్కి కూర్చునేది. అయినా ఏడుపు ఆపేది కాదు.

ఒకరోజు పేరిందేవి పుస్తకం తెచ్చి తిరగలి పక్కన పరిచింది. అంకాలమ్మ చేయి ఆగింది. ఏమే కోడలా, ఇదేంటి నా ఇంట్లో, అంది. పుస్తకం అత్తా, అంది. పొయ్యిలో పెట్టు, అంది. ఇంకో కోడలైతే ఏడ్చేది, లేకపోతే పుట్టింటికి పోయేది. పేరిందేవి ఏమందో తెలుసా? అలాగే అత్తా, పెట్టేస్తాను, పిల్ల ఈ కథ ఇక చాలు అన్న రోజున పెట్టేస్తాను, అందిట. అంకాలమ్మ ఆలోచించింది. పిల్ల గొంతు పోయేలా ఏడుస్తోంది. పిడి మీంచి చెయ్యి తియ్యకూడదు, అంది. తియ్యను, అంది. పిండిలో పలుకు రాకూడదు, అంది. రాదు, అంది. నాకు రాయి చప్పుడు తప్ప ఏదీ వినపడదు, నాకు చెప్పకు, అంది. చెప్పను, అంది.

పిల్లలకి కథ చాలు అనే రోజు ఒకటుంటుందా! అయిపోయిన మరుక్షణం మళ్ళీ మొదట్నించి అంటారు. ఆ సంగతి పేరిందేవికి తెలుసు. అంకాలమ్మకి తెలీదా? ఆవిడా ఒక బిడ్డని పెంచిందే. తెలిసే ఒప్పుకుంది. అది మనలో మాట.

అలా మొదలైంది. తిరగలికి ఇటు పేరిందేవి. అటు అంకాలమ్మ, ఆవిడ ఒళ్ళో చుక్కమ్మ. పక్కన నేల మీద పుస్తకం. తల్లి చేతులు ఖాళీ లేవు గదా, చుక్కమ్మ చేతికి ఒక చీపురుపుల్ల ఇచ్చారు. అమ్మ ఏ అక్షరం చదివితే ఆ అక్షరం కింద పుల్ల పెట్టాలి. ఆకు అయిపోతే పిల్లే తిప్పాలి. రాయి ఒక చుట్టు తిరిగితే ఒక మాట, చుక్కమ్మ ఊ అంటే ఇంకో మాట. ఊ లేకపోతే మాట లేదు.

ఏం కథ అంటారా? పిట్ట కథ. గూడు చెదిరిపోయిన పిట్ట ఒకటి ఎక్కడైనా కాస్త చోటివ్వమని అడుగుతూ తిరుగుతుంది. కొమ్మనడిగితే కొమ్మ, గాలొస్తే ఊగిపోతాను, గాలినడుగు అంటుంది. గాలినడిగితే గాలి, కొండ అడ్డొస్తే ఆగిపోతాను, కొండనడుగు అంటుంది. కొండనడిగితే కొండ, మబ్బు దిగితే మునిగిపోతాను, మబ్బునడుగు అంటుంది. పొమ్మన్న చోటికల్లా పోయి పోయి ఆ పిట్ట చివరికి మబ్బు దగ్గరికి వెళుతుంది. మబ్బు ఏమందంటే...

అది తరవాత.

రెండో రోజు పుస్తకం నేల మీద లేదు. తిరగలి పక్కన శుభ్రంగా కడిగిన పీట ఉంది. పిండి దుమ్ము పడకుండా పక్కనే మడత పెట్టిన పాతగుడ్డ కూడా ఉంది. ఎవరు పెట్టారని కోడలు అడగలేదు. పెట్టినావిడ చెప్పలేదు.

ఇంకోరోజు పేరిందేవికి ఒళ్ళు వెచ్చగా ఉంది. త్వరగా అవ్వాలని ఒక వరస దాటేసి చదివింది. తిరగలి టక్కున ఆగిపోయింది. ఏమైందత్తా, అంది. చెయ్యి నొప్పి, అంది అంకాలమ్మ. పేరిందేవి ఒక్క క్షణం అత్త ముఖం కేసి చూసి, వెనక్కి వెళ్ళి వదిలేసిన వరస చదివింది. తిరగలి తిరిగింది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ఒక్క మాట కూడా దాటలేదు. అత్తని ఒక్క మాట కూడా అడగలేదు. ఎదుటి మనిషి దాచుకున్నదాన్ని పైకి లాగకుండా ఉండటం ఎంత గొప్పగుణమో మీకిప్పుడు తెలీదు. పెద్దయ్యాక తెలుస్తుంది.

ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. చుక్కమ్మకి ఐదు నిండాయి. పేచీలు పోయాయి. పుల్ల పెట్టుకుంటూ తనే చదవడం మొదలుపెట్టింది. అయితే ఒక చిత్రం జరిగింది, ఎవరూ గమనించలేదు. ఎలా గమనిస్తారు? ఆ ఇంట్లో పుస్తకం విప్పేది తిరగలి దగ్గర మాత్రమే. పిల్ల కూర్చునేది నాయనమ్మ ఒళ్ళో మాత్రమే. పుస్తకం ఉండేది అమ్మవైపు తిరిగి. అంటే అటునుంచి చూసే చుక్కమ్మకి అక్షరాలన్నీ తలకిందులే. పుల్ల కుడినుంచి ఎడమకి జరిగేది, కింద వరస నుంచి పై వరసకి ఎక్కేది. చదువంటే అదే అనుకుంది ఆ పిల్ల. ఏం కుందనా, నవ్వుతావేం? నీకు ఎడమ చెప్పు కుడికాలికి వేసుకోవడం మొన్నటిదాకా రాలేదూ?

ఇప్పుడు కోటలోకి పోదాం. రాజుగారికి ఒక్కడే కొడుకు, చుక్కమ్మ ఈడువాడే. అందరూ చిన్నదొర అనేవారు. రాణిగారు జ్వరమొచ్చి పోయింది. ఆవిడ పోయిన రోజునుంచి ఆ బిడ్డ నోరు విప్పలేదు. ఏడవడు, నవ్వడు, ఊ అనడు, ఆఁ అనడు. రాజుగారికి తిండి సయించడం మానేసింది. వైద్యులొచ్చారు, పోయారు. చివరికి కథలు చదివించండి అన్నారెవరో. చదివే పని ఎవరికి పడింది? ఆస్థాన పండితుడికి. ఎవరా ఆస్థాన పండితుడు? ఇంకెవరు, మన పొడుగు పంతులే. అరుగు మీంచి ఎక్కి ఎక్కి కోటదాకా ఎక్కాడు.

వాడి చదవడం ఎలా ఉండేదంటే, వాడొక ఎత్తు పీఠం మీద, పది బారల దూరంలో చిన్నదొర ఒక వెండి పీట మీద, ఇంకా ఎత్తున సింహాసనం మీద రాజుగారు. రాజబిడ్డని ఎవరూ తాకకూడదని వాడే నియమం పెట్టాడు. గొంతు చించుకుని రోజూ ఒక జాము చదివేవాడు. ఆ బిడ్డ రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. నేనైనా అదే చేద్దును.

ఇలా ఉండగా మన పిచ్చయ్య ఒకనాడు కోట వంటింట్లో గంప దించి, మా చుక్కమ్మ పుస్తకం చదువుతుంది తెలుసా, ఐదేళ్ళే, అన్నాడు. ఇంకేముంది! వంటవాడు నీళ్ళామెకి చెప్పాడు, నీళ్ళామె పూలామెకి చెప్పింది, పూలామె గుర్రాలవాడికి చెప్పింది, గుర్రాలవాడు గుర్రం ఎక్కబోతున్న రాజుగారికి చెప్పాడు. రాజుగారు ఎక్కబోయిన గుర్రం దిగిపోయాడు. పండితుడి వల్ల కానిది పసిపిల్ల వల్ల అవుతుందేమో, ఆ పిల్లని తీసుకురండి, మావాడికి చదివి వినిపిస్తుంది, అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ కొండెక్కారు. పేరిందేవి చంకలో పుస్తకం, చేతిలో చుక్కమ్మ చెయ్యి. పిచ్చయ్య ముందు ముందు. అంకాలమ్మ కూడా వచ్చింది. కానీ లోపల పొడుగు పంతులున్నాడని తెలిసి, వాడున్న కప్పు కిందకి నేను రాను, అని సభ బయట మెట్ల మీద కూర్చుంది. చీకటితోనే రెండు గంపల పిండీ విసిరి వచ్చింది, చేతులకింకా పిండి ఉంది.

లోపల పంతులు పుస్తకం అందుకుని, పిల్ల ముందు పీట మీద సరిగ్గా పెట్టాడు. చుక్కమ్మ చూసింది. ఇదేంటి ఇలా ఉంది అనుకుంది. పుస్తకాన్ని అటుదిటు తిప్పేసింది. సభంతా గొల్లున నవ్వింది. పిల్ల పట్టించుకోలేదు. జడలో దోపుకొచ్చిన చీపురుపుల్ల తీసి, కుడినుంచి ఎడమకి, గడగడా చదవడం మొదలుపెట్టింది. నవ్వులు ఆగాయి. పంతులు ముఖం మాడింది. పరుగున వచ్చి పుస్తకం మళ్ళీ తిప్పి, ఇప్పుడు చదువు, అన్నాడు. చుక్కమ్మ చదవలేకపోయింది. అమ్మకేసి చూసింది.

పంతులు రెండు చేతులూ పైకెత్తి, మహారాజా! దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి, దయ్యం పట్టినదానికి చదువు తలకిందులుగా ఉంటుంది, ఈ తల్లి కన్నబిడ్డకి దయ్యాల చదువు చెప్పింది, అని కేకలు పెట్టాడు. తల్లిని పొలిమేర దాటించాలిట. పిల్లని ఏడాదిపాటు కోటలో ఒక గదిలో పెట్టి, తల్లి నీడ పడకుండా దయ్యాన్ని వదిలించాలిట. రాజుగారి మనసు ఒప్పలేదు. గ్రంథంలో ఉందా, అని అడిగాడు. ఉంది ప్రభూ, అని భూతవైద్యం తాటాకుల కట్ట తెప్పించి, ఒక ఆకు పీట మీద పరిచాడు. గ్రంథంలో ఉంటే నేనేం చెయ్యను, అని రాజుగారు తల దించుకున్నాడు.

నేను చూశాను, మా ఇంట్లోనే నేర్చుకుంది, అని పిచ్చయ్య ముందుకొచ్చాడు. ఎవరి దగ్గర, ఎటు కూర్చుని నేర్చుకుందో చెప్పు, అన్నాడు పంతులు. పిచ్చయ్య బుర్ర గోక్కుని, ఇంట్లో కూర్చునే నేర్చుకుందండీ, అన్నాడు. పాపం, ఆ వేళప్పుడు వాడు గుర్రుపెట్టి నిద్రపోతుంటాడు, వాడికేం తెలుసు? పేరిందేవి చెప్పబోతే, దయ్యాల చదువు చెప్పినదాని మాట వినకూడదు ప్రభూ, అని పంతులు అడ్డుపడ్డాడు. భటులు పేరిందేవిని భుజం పట్టుకుని వాకిలి దాకా నడిపించారు. ఇటు పిల్లని పట్టుకున్నారు. చుక్కమ్మ గొంతెత్తి ఒక్క కేక పెట్టింది.

"నాయనమ్మా!"

ఊ కొట్టండి మరి. ఆఁ, ఇప్పుడు వచ్చింది ప్రాణం.

మెట్ల మీద అంకాలమ్మ లేచింది. నలభై ఏళ్ళుగా వాడి వీధి తొక్కని మనిషి, వాడున్న సభలోకి నడిచి వెళ్ళింది. చుక్కమ్మని పట్టుకున్న భటుడి చెయ్యి తీసేసి, పిల్లని ఎత్తుకుని, పంతులు ముందున్న పీటకి ఎదురుగా నేల మీద చతికిలపడింది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"ఎవరే నువ్వు? ఆ పిండి చేతులేమిటి?" అన్నాడు పంతులు.

"అవే చేతులు పంతులూ. నువ్వు మర్చిపోయావు. ఆ గ్రంథంలో ఏముందో ఇంకోసారి చదువు, ముసలిదాన్ని, సరిగ్గా వినలేదు."

పంతులు గొంతు సవరించుకుని రాగం తీశాడు. "దయ్యం పట్టినవారు అక్షరమును తలకిందులుగా చదువుదురు."

అంకాలమ్మ ఆకుకేసి చూసింది. చాలాసేపు చూసింది. నోరు విప్పితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. నలభై ఏళ్ళ ఒట్టు పోతుంది. అక్షరం ముక్క రాదని, రానక్కర్లేదని ఊరందరి ముందూ తలెత్తుకు తిరిగిన మాట పోతుంది. అదీ ఎవరి ముందు? వీడి ముందు. ఒళ్ళో పిల్ల ఆవిడ కొంగు పిడికిలితో పట్టుకుని ఉంది.

"అందులో అలా లేదు," అంది.

అంకాలమ్మ చుక్కమ్మ చేతిలో పుల్ల తీసుకుంది. ఆకు తిప్పలేదు. పంతులువైపే ఉండనిచ్చి, ఎదుటినుంచి, కుడినుంచి ఎడమకి, ఒక్కొక్క అక్షరమే, పిండిలో పలుకు వెతికినట్టు వెతుక్కుంటూ చదివింది. "దయ్య... ములకు... చదువు... అన్న... భయము. పిల్లలకు... కథ... చదివెడి... ఇంట... అవి... అడుగు... పెట్టవు."

పంతులు ఊరుకుంటాడా? ఇదీ తలకిందులుగానే చదివింది మహారాజా, దీన్నీ పట్టింది, అన్నాడు.

"నన్ను పట్టేంత ధైర్యం ఏ దయ్యానికుందిరా? నా కోడల్ని అడుగు," అంది అంకాలమ్మ.

పిచ్చయ్య నోరు తెరిచేసి, అమ్మా, నీకు చదువొచ్చా, ఎప్పట్నించే, అన్నాడు. నువ్వు నోర్ముయ్యి, ఇదంతా నీ నోటి వల్లే వచ్చింది, అంది. వాకిట్లో ఉన్న పేరిందేవి ఏడుస్తూనే నవ్వింది. చెయ్యి నొప్పి అన్నావు కదత్తా, అంది. ఇప్పుడూ నొప్పిగానే ఉంది, అంది అత్త.

రాజుగారు సింహాసనం దిగివచ్చాడు. ఆకు చూడాలంటే వంగాలి, వంగి చూస్తే అక్షరాలు కనబడలేదు. దాంతో నేల మీద కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందో ఆయన నేల మీద కూర్చుని! ఆకు తనే చదివి చూసుకున్నాడు. ముసలావిడ చదివిందే ఉంది, పంతులు చెప్పింది లేదు. ఆయన పంతులుకేసి ఒక చూపు చూసి, మళ్ళీ అంకాలమ్మ కేసి తిరిగి, అయితే అమ్మా, ఈ చదువు ఇలా ఎలా వచ్చింది, అని అడిగాడు. చెబితే అర్థం కాదు, తిరగలి తెప్పించండి, అంది.

కోట వంటింటి తిరగలి నలుగురు మోసుకొచ్చారు. ఇటు పేరిందేవి, అటు అంకాలమ్మ, ఒళ్ళో చుక్కమ్మ, పక్కన పీట, పీట మీద పిట్ట పుస్తకం. రాయి తిరిగింది. తల్లి తన వైపునుంచి చూస్తోంది, పిల్ల అటునుంచి పుల్ల పెట్టి చదువుతోంది. సభకి అప్పుడర్థమైంది. ఓహో అని నవ్వుకున్నారు. ఈసారి నవ్వులో ఎకసెక్కం లేదు.

కొమ్మ గాలినడగమంది, గాలి కొండనడగమంది, కొండ మబ్బునడగమంది. రాయి గుర్రుగుర్రుమని తిరుగుతోంది. ఆ చప్పుడుకి వెండి పీట మీద చిన్నదొర చెవుల్లోంచి వేళ్ళు తీశాడు. పీట దిగాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. వచ్చి వచ్చి నేల మీదున్న తండ్రి ఒళ్ళో కూర్చున్నాడు. తాకకూడదు, అన్నాడెవరో. రాజుగారు రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాడు.

"మబ్బు ఏమందంటే..." అని చుక్కమ్మ ఆపేసింది. రాయి ఆగింది. ఊ లేకపోతే మాట లేదు గదా, ఆ ఇంటి పద్ధతి! మంత్రికి ఊ అనాలని ఉంది. భటులకి ఊ అనాలని ఉంది. పేరిందేవి వద్దని చెయ్యి చూపించింది. తొందరపెట్టలేదు, బతిమాలలేదు, బుగ్గ గిల్లలేదు. జ్వరంలో ఒక వరస దాటితే వెనక్కి వెళ్ళి చదివిన మనిషి, ఎంతసేపైనా ఆగగలదు. ఆగింది. అందరూ ఆగారు.

"ఊ," అన్నాడు చిన్నదొర.

ఆ ఊ ఎంత ఉందో తెలుసా? పిట్ట ఈక అంత. రాజుగారి కళ్ళ నీళ్ళు కొడుకు తల మీద పడ్డాయి. ఆ బిడ్డ తండ్రి గడ్డం పట్టుకుని పైకి చూసి, "ఏమంది నాన్నా?" అని అడిగాడు. రాజుగారు పీట మీది ఆకు చూసి చదివాడు. "మబ్బు... ఇంత దూరం వచ్చావు, ముందు నా పక్కన కూర్చో, అంది."

అదే కథ. అందరూ పొమ్మన్నారు, మబ్బు ఒక్కటే కూర్చోమంది.

చిన్నదొర ఏమన్నాడనుకున్నారు? మళ్ళీ మొదట్నించి, అన్నాడు!

మరి పంతులేమయ్యాడంటారా? నేను వదులుతానా వాణ్ణి? వీడికేం శిక్ష వెయ్యమంటావమ్మా అని రాజుగారు అంకాలమ్మనే అడిగాడు. కొరడా వద్దు, కొండ దించడం వద్దు, ఆ వీధిబడి అరుగు మీద రేపట్నించి మా పిండి చేతుల పిల్లలందర్నీ కూర్చోబెట్టమనండి, వీడు కిందే కూర్చుని చెప్పాలి, రోజూ అరుగు తుడవాలి, పిల్లలు కూర్చున్నాక కాదు, కూర్చోకముందు, అంది. చక్కగా అడిగింది. నలభై ఏళ్ళు దాచుకున్నందుకు సరిగ్గా ఉంది.

పేరిందేవి పన్నెండు ఆకులు నూట ఇరవై ఆకులయ్యాయి, వాళ్ళ నాన్న చేత రాయించి రాజుగారు పంపాడు. చిన్నదొర రోజూ పొద్దున్నే తిరగలి ఇంటికి వచ్చేవాడు, వెంట తండ్రి కూడా వచ్చి నేల మీద కూర్చునేవాడు. కోట పిండి ఆలస్యమైనా ఎవరూ కిమ్మనలేదు. చుక్కమ్మకి చదువు తిన్నగా రావడానికి ఏం చేశారంటే, పెద్ద పనేం కాదు, నాయనమ్మ ఒళ్ళోంచి తీసి అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టారు. నాలుగు రోజుల్లో అక్షరాలన్నీ నిటారుగా నిలబడ్డాయి. అంకాలమ్మని కూడా ఇటు రా అత్తా అంది పేరిందేవి. నాకిటువైపే బావుంది, అంది. మారలేదు. ఆవిడ మారే రకం కాదు.

పిల్లలకి చదువు గొంతులోంచి రాదర్రా. ఒళ్ళోంచి వస్తుంది. పక్కన కూర్చునేవాళ్ళుండాలి, ఊ కోసం ఆగేవాళ్ళుండాలి. మీ అమ్మ అలా ఆగుతుంది. నేను చూస్తున్నానుగా రోజూ. నా కూతురని దాని ముందు చెప్పను గానీ, దాని ఓపికకి వంక పెట్టలేను.

ఏమిటి, నిన్న అమ్మ ఆపేసిన చోటునుంచి ఒక్క పేజీయా? నన్నా చదవమంటావు? లైటు వెయ్యి మరి. ఆ పుస్తకం నా చేతికివ్వకు కుందనా. నాకేసి తిప్పకు కూడా. నీ ఒళ్ళో నీవైపే పెట్టుకో. ఆఁ, అలా. నేను ఎదురుగా కూర్చుంటాను. వేలు పెట్టు... "కు...క్క... పిల్ల..." నవ్వారంటే చంపుతాను.

చాల్చాలు, ఒక్క వరసే. మిగతాది రేపు మీ అమ్మే చదువుతుంది. లైటు తియ్యి. కథ కంచి బండెక్కి వెళ్ళిపోయింది, ఇక మీరు దుప్పట్లోకి ఎక్కండి.